టెక్ సందేహాలు: షాక్స్ బిగుతు, ఫోన్ వదులు

ఈ మధ్య నాకు వచ్చే మెయిల్స్‌లో ఒకే రకం బండి గురించి పదే పదే అడుగుతున్నారు. గుండ్రటి హెడ్‌లైటు, పాతకాలం ట్యాంకు, వెనక రెండు షాక్స్. చూడటానికి నాన్నగారి కాలం బండిలా ఉంటుంది. కొత్త అప్‌డేట్‌తో దానికి ఎల్‌ఈడీ దీపం, టైప్-సి చార్జింగ్, బ్లూటూత్, దారి చూపే చిన్న స్క్రీన్ వచ్చాయి. సస్పెన్షన్ కూడా మార్చారు. ఫిర్యాదులన్నీ ఈ రెండింటి మీదే, ఒకటి సస్పెన్షన్, రెండోది ఫోన్ యాప్.

సార్, అప్‌డేట్ అయిన రెట్రో బైక్ తీసుకుని నెలైంది. వెనక సస్పెన్షన్ ఇప్పుడు మెత్తగా ఉంటుందని చెప్పి అమ్మారు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్లేసరికి నడుం పట్టేస్తోంది. నా బరువు 62 కిలోలు. వేరే షాక్స్ వేయించమంటారా?

వద్దు. రూపాయి ఖర్చు పెట్టకముందు టార్చ్ తీసుకుని బండి పక్కన కూర్చోండి.

మీరు చెప్పిన బండినే నేనూ పది రోజులు నడిపాను. రోజూ మాసబ్‌ట్యాంక్, మెహిదీపట్నం, లంగర్‌హౌజ్ మీదుగా గండిపేట దాకా వెళ్లొచ్చాను. ఒక ఆదివారం తెల్లవారుజామున చేవెళ్ల మర్రిచెట్ల దారిలో అనంతగిరి గుట్టలకి కూడా వెళ్లాను. మొదటి రెండు రోజులు నాదీ మీ బాధే. ముందు ఫోర్క్ ఎక్కడా విసిగించలేదు. వెనక మాత్రం మా కాలనీ గేటు దగ్గరి స్పీడ్ బ్రేకర్ మీద సీట్లోంచి ఎత్తి కుదేసింది. మూడో రోజు కింద కూర్చుని చూశాను. షాక్ అడుగున మెట్లు మెట్లుగా ఉండే ఉంగరం ఉంటుంది, అదే ప్రీలోడ్ కాలర్. మొత్తం ఆరు మెట్లు, పై మెట్టుకి వెళ్లేకొద్దీ స్ప్రింగ్ బిగుస్తుంది. ఎడమ షాక్ నాలుగో మెట్టు మీద ఉంది, కుడిది మూడో మెట్టు మీద. రెండు పక్కలా ఒకేలా కూడా లేదు! ఈ బండి షోరూమ్ తనిఖీ దాటుకుని నా చేతికి వచ్చింది.

పాత మోడల్‌లో వెనక స్ప్రింగ్ చుట్లన్నీ సమాన దూరంలో ఉండేవి. ఇప్పుడు ప్రోగ్రెసివ్ స్ప్రింగ్ వేశారు. దగ్గరగా చూస్తే ఒక కొసన చుట్లు ఒత్తుగా, మిగతా భాగంలో ఎడంగా కనిపిస్తాయి. చిన్న గతుకుకి ఒత్తు చుట్లు ముందు నొక్కుకుంటాయి, అందుకే మెత్తగా అనిపిస్తుంది. పెద్ద గుంటలో పడినప్పుడు అవి పూర్తిగా మూసుకుపోయి ఎడం చుట్లు బరువు మోస్తాయి, అప్పుడు గట్టిపడుతుంది. మంచి మార్పే. కానీ కాలర్ బిగించి ఉంచితే, మీరు ఎక్కకముందే ఆ ఒత్తు చుట్లు సగం నొక్కుకుపోయి ఉంటాయి. కంపెనీ ఇచ్చిన మెత్తదనం కాలర్‌లోనే ఖర్చయిపోతుంది. 62 కిలోల మనిషికి మిగిలేది గట్టి భాగమే.

సరిచేయడం పెద్ద పని కాదు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండేలా చూడండి. యాక్సిల్ నుంచి నిటారుగా పైకి, సీటు కింద ఏదో ఒక బోల్టు దాకా టేపుతో కొలవండి. తర్వాత స్టాండ్ తీసి, హెల్మెట్ పెట్టుకుని, ఆఫీసు బ్యాగు తగిలించుకుని మీరు కూర్చోండి. ఒకరు బండి పట్టుకుంటే, ఇంట్లో ఇంకెవరితోనైనా మళ్లీ కొలిపించండి. ఆ తేడానే శాగ్ అంటారు. చక్రం మొత్తం కదిలే దూరంలో అది మూడో వంతుకి కాస్త తక్కువ ఉంటే సరిపోతుంది. ఈ బండికి వెనక ట్రావెల్ 102 మిల్లీమీటర్లు, కాబట్టి 30కి అటూ ఇటూ రావాలి. నాకు మొదట 19 వచ్చింది. టూల్‌కిట్‌లో కొక్కెంలా వంగిన చిన్న పానా ఉంటుంది, దాంతో రెండు కాలర్లూ మొదటి మెట్టుకి దించాక 28 వచ్చింది. మర్నాడు అదే గేటు, అదే బ్రేకర్. చక్రం ఎక్కి దిగింది, నేను సీట్లోనే ఉన్నాను. వెనక మనిషిని ఎక్కించుకునే రోజు మాత్రం రెండు మూడు మెట్లు పైకి తిప్పాలి, లేకపోతే గుంటల్లో షాక్ పూర్తిగా నొక్కుకుపోయి అడుగు తగులుతుంది.

టైర్ల గాలి కూడా చూసుకోండి. బంకులో కుర్రాడు ఎవరి బండి వచ్చినా ఒకే అంకెకి కొట్టేస్తాడు. చెయిన్‌గార్డు మీదో, స్వింగ్‌ఆర్మ్ మీదో ఉన్న స్టిక్కర్‌లో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని రాసి ఉంటుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్కకి కొట్టించండి.

ఇన్ని చేసినా ఒక లోపం మిగులుతుంది, అది మీ తప్పు కాదు. వరసగా మూడు నాలుగు గతుకులు వస్తే వెనక భాగం మొదటి ఊపు నుంచి తేరుకోకముందే రెండోది తగులుతుంది. స్ప్రింగ్ మార్చారు గానీ డాంపింగ్‌ని, అంటే ఆ ఊపుని అణిచే ఏర్పాటుని, అంత శ్రద్ధగా మార్చినట్టు నాకు అనిపించలేదు, అక్కడ తిప్పుకోవడానికి స్క్రూ కూడా లేదు. మన కాలనీ బ్రేకర్లు కూడా నడుములు విరిచేవే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ హంప్ 3.7 మీటర్ల వెడల్పుండాలి, ఎత్తు 10 సెంటీమీటర్లు. మన వీధుల్లో వేసేది అడుగున్నర వెడల్పు సిమెంటు గట్టు. దాని మీద ఏ షాక్ అయినా ఓడిపోతుంది.

హ్యాండిల్‌కి ఫోన్ హోల్డర్ బిగించాను. రెండు నెలల్లో కెమెరా ఫోకస్ పోయింది. బండి వైబ్రేషన్ వల్లే అని రిపేర్ షాపతను అంటున్నాడు, నిజమేనా?

నిజమే కావచ్చు. ఒక పెద్ద ఫోన్ కంపెనీ 2021లోనే తన సపోర్ట్ పేజీలో ఈ హెచ్చరిక పెట్టింది. చేతి వణుకుని సరిచేయడానికి కెమెరాలో కదిలే లెన్స్ ఉంటుంది, మోటార్‌సైకిల్ ఇంజిన్ ప్రకంపనలు దాన్ని పాడుచేయగలవు. హోల్డర్ తప్పదంటే వైబ్రేషన్ డాంపర్ ఉన్నది కొనండి. ఫోన్ జేబులో పెట్టుకుని, దారి ఇయర్‌ఫోన్‌లో వినడం దానికన్నా మంచిది. అది కూడా ఒక చెవికే.

డెలివరీ రోజు షోరూమ్ అబ్బాయి నా ఫోన్ తీసుకుని బండి యాప్ వేసిచ్చాడు. కాల్స్, మెసేజ్‌లు స్క్రీన్ మీద వస్తున్నాయి. నా ఓటీపీలు కూడా ఆ యాప్‌కి కనిపిస్తాయని మా అమ్మాయి అంటోంది. టెన్షన్‌గా ఉంది.

మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం.

ఆండ్రాయిడ్‌లో ‘నోటిఫికేషన్ యాక్సెస్’ అని ఒక అనుమతి ఉంది. కెమెరా, లొకేషన్ లాంటి మామూలు పర్మిషన్ల వరసలో అది కనిపించదు. సెట్టింగ్స్‌లో ‘స్పెషల్ యాప్ యాక్సెస్’ లోపల ఉంటుంది. అది ఇచ్చారంటే, ఫోన్ పై నుంచి వేలితో కిందికి లాగినప్పుడు కనిపించేదంతా ఆ యాప్ చదవగలదు. బ్యాంకు డెబిట్ మెసేజ్, ఇంట్లోవాళ్ల వాట్సాప్, ఆసుపత్రి రిపోర్టు లింకు, ఓటీపీ, అన్నీ. ఆండ్రాయిడ్ 15 నుంచి ఓటీపీలను చాలా యాప్‌లకి కనబడకుండా దాచే ఏర్పాటు వచ్చింది గానీ, మన చేతుల్లో ఉన్న చాలా ఫోన్లు అంతకన్నా పాతవి.

బండి కంపెనీ దొంగ అని నేను అనడం లేదు. కాల్ వచ్చిందని ఒక చిన్న గుర్తు చూపించడానికి ఇంటి తాళాలన్నీ అడగడం తప్పు అంటున్నాను. ఆ యాప్ ఎవరు రాశారో, చదివింది ఏ సర్వర్‌కి పోతుందో కొన్నవాళ్లకి చెప్పరు. సమ్మతి అనేది స్వేచ్ఛగా, తెలిసి, అవసరమైన సమాచారం మేరకే ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. బండికి పూలదండ వేసి ఫొటో తీసే హడావుడిలో, ‘సార్, ఒకసారి ఫోన్ ఇవ్వండి’ అని తీసుకుని షోరూమ్ అబ్బాయి టకటకా నాలుగుసార్లు అలౌ నొక్కితే అందులో మీ సమ్మతి ఎక్కడుంది? నేను తెచ్చుకున్న రోజు కూడా ఇదే జరిగింది. యాప్ వేయడానికి పావుగంట కేటాయించిన మనుషులు, నా బరువెంతో అడిగి కాలర్ తిప్పడానికి రెండు నిమిషాలు పెట్టలేదు. టూల్‌కిట్ కవరు కూడా విప్పలేదు.

నన్ను అసలు భయపెడుతున్నది ఆ అలవాటు. డెలివరీ రోజు చదవకుండా అలౌ నొక్కడం నేర్చుకున్న వేలు, రేపు వాట్సాప్‌లో ‘మీ బండికి చలాన్ పడింది’ అని ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్) వస్తే దాన్ని కూడా నొక్కుతుంది. ఆ నకిలీ యాప్ మొదట అడిగేది ఎస్సెమ్మెస్ చదివే అనుమతే. తర్వాత మీ ఓటీపీ ఎక్కడో కూర్చున్న మోసగాడికి చేరిపోతుంది. చలాన్ గానీ, బండి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గానీ వాట్సాప్‌లో ఏపీకేగా రాదు, ఎప్పటికీ రాదు. పొరపాటున వేసుకున్నారంటే వెంటనే నెట్ ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందు ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఇక మీ యాప్ సంగతి. స్పెషల్ యాప్ యాక్సెస్‌లోకి వెళ్లి దానికి నోటిఫికేషన్ యాక్సెస్ తీసేయండి. కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఎస్సెమ్మెస్ కూడా తీసేయండి. లొకేషన్ మాత్రం ‘యాప్ వాడుతున్నప్పుడే’ అని పెట్టండి. ఇవన్నీ తీసినా దారి చూపించాలి. చూపించకపోతే ఆ డిజైన్ చేసినవాళ్లనే నిలదీయాలి, కస్టమర్ కేర్‌కి రాతపూర్వకంగా రాయండి. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ జాబితాలో బండి పేరు పక్కన ఉన్న ‘ఐ’ గుర్తు నొక్కి, ‘షేర్ సిస్టమ్ నోటిఫికేషన్స్’ ఆపేస్తే చాలు.

సెకండ్‌హ్యాండ్‌లో కనెక్టెడ్ బండి కొంటున్నాను. ఆర్‌సీ మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. నా మిత్రుడొకరు సొంతంగా సిమ్ ఉన్న స్కూటర్ ఒకటి ఇలాగే కొన్నాడు. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి, ఆర్‌సీ పేరు మారింది. కొన్ని నెలల తర్వాత పాత ఓనర్ ఫోన్ చేశాడు. ‘అన్నా, బండి మూడు రోజుల్నుంచి కదల్లేదు, ఏమన్నా ట్రబులా?’ అని అడిగాడు. పాపం, మంచితనంతోనే అడిగాడు. కానీ అన్ని నెలలూ నా మిత్రుడి భార్య ఎన్నింటికి డ్యూటీకి బయల్దేరుతుందో, బండి రాత్రి ఎక్కడ ఉంటుందో ఒక అపరిచితుడి ఫోన్‌లో కనిపిస్తూనే ఉంది. అది విన్నాక ఆమె వారం రోజులు ఆ బండి ముట్టుకోలేదు.

డబ్బు ఇచ్చేముందే పాత ఓనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, అతని యాప్‌లోంచి బండిని తీసేయించండి. తర్వాత మీ ఖాతాలో చేర్చుకోండి. అతని ఫోన్‌లో ఆ మ్యాప్ ఖాళీ అయిందని మీ కళ్లతో చూశాకే యూపీఐ తెరవండి.