ఎక్కడ ఆగిందో ముందు చూడు

చిరంజీవి అల్లుడికి,

తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మామిడి సీజన్‌లో, నెట్‌లోని సర్వర్‌లో ఉంచిన పల్ప్ ఫ్యాక్టరీ లెక్కల ఫోల్డర్ నీ కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. కానీ రెండు గంటల్లో పాస్‌వర్డ్ మార్చావు, రౌటర్ సెట్టింగులు మార్చావు, ఇప్పుడు కంప్యూటర్‌ను నడిపే ఉబుంటునే మళ్ళీ ఎక్కిస్తానంటున్నావు. అది మాత్రం వద్దు నాయనా.

బ్రౌజర్‌లో బాగానే వస్తోంది, ఫైల్ మేనేజర్‌లోనే ఎందుకు రాదు అన్నావు కదా. రెండూ అడిగేది ఒకటి కాదు. బ్రౌజర్ ఒక పేజీ ఇమ్మంటుంది. ఫైల్ మేనేజర్ ఈ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో చెప్పమంటుంది. దానికి ప్రాప్‌ఫైండ్ అనే వేరే అభ్యర్థన పంపుతుంది. నెట్‌లోని ఫోల్డర్‌ను ఇలా తెరిచే పద్ధతి పేరే వెబ్‌డావ్. అంటే వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీకి 1999లో చేర్చిన ఇలాంటి అభ్యర్థనలే. అందుకే పేజీ తెరుచుకుంటే నెట్ ఉందని మాత్రమే తెలుస్తుంది.

కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో, కర్ల్ అనే కమాండ్‌తో ఆ ప్రాప్‌ఫైండ్‌ను నువ్వే పంపి చూడు. సర్వర్ జవాబుగా ఒక నంబర్ ఇస్తుంది. 207 వస్తే సర్వర్ బాగుంది, తప్పు నీ కంప్యూటర్‌లో ఉంది. 401 అయితే పాస్‌వర్డ్ దగ్గర ఆగింది. 404 గానీ 405 గానీ వస్తే ముందు అడ్రస్‌ను అనుమానించు.

నాకైతే అడ్రస్ మీదే అనుమానం. మీ సర్వర్‌లో ఫైళ్ళు ఉంచేది నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్ కాబట్టి సైట్ పేరు ఒక్కటే ఇస్తే చాలదు. ఫైల్స్ పేజీలో కింద ఎడమవైపు సెట్టింగ్స్‌లో పూర్తి వెబ్‌డావ్ అడ్రస్ ఉంటుంది, అక్కడి నుంచే కాపీ చేసుకో. దాని చివర ఉండే యూజర్‌నేమ్ నువ్వు లాగిన్‌కి వాడే ఈమెయిల్ కాకపోవచ్చు. ఉబుంటు ఫైల్ మేనేజర్ 'ఫైల్స్'లో అడ్రస్ మొదట హెచ్‌టీటీపీఎస్ బదులు డావ్స్ అని పెట్టాలి. డాల్ఫిన్ అనే ఇంకో ఫైల్ మేనేజర్‌లో అయితే వెబ్‌డావ్స్.

ఓటీపీ లాంటి రెండో తాళం పెట్టుకున్నావా? అయితే మామూలు పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేయదు, సెక్యూరిటీ పేజీలో యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. పాత పాస్‌వర్డ్‌ను, కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్ గుర్తుపెట్టుకుని అదే పంపుతూ ఉంటుంది కూడా, దాన్ని తీసేయ్. తేదీ కూడా ఒకసారి చూడు. పాత సిస్టమ్‌లో చిన్న బ్యాటరీ అయిపోయి గడియారం ఏళ్ళు వెనక్కి పోతే, సైట్ గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ చెల్లదంటుంది. నేను ఒకసారి దీనికే ఒక పూట పోగొట్టుకున్నాను.

మీ ఆఫీసులోని విండోస్ మెషిన్ సంగతి వేరు. అక్కడ వెబ్‌డావ్ పని చూసే వెబ్‌క్లయింట్ సర్వీస్ నడుస్తోందో లేదో చూడు. మైక్రోసాఫ్ట్ 2023లోనే దాన్ని పక్కన పెడుతున్నామని చెప్పింది. పైగా 5 కోట్ల బైట్లు, అంటే సుమారు 48 ఎంబీ దాటిన ఫైల్‌ను అది దించుకోనివ్వదు. విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో పరిమితి పెంచి, సర్వీస్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. 4 జీబీ మించి అదీ కుదరదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. ఆ ఫోల్డర్‌లోనే ఫైల్ తెరిచి లెక్కలు రాయకు. రాస్తుండగా నెట్ పోయి రెండు రోజుల పని పోగొట్టుకున్నవాణ్ణి నేను. కాపీ దించుకో, రాసుకో, మళ్ళీ పైకి ఎక్కించు.

రౌటర్‌ను నిన్న ఉన్నట్టే పెట్టు. ప్రాప్‌ఫైండ్‌కి ఏ నంబర్ వచ్చిందో రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చేసి చెప్పు, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య