శత్రువును వెతకడం ఆపి, మీ వెబ్‌సైట్‌ను ఒకసారి పాత ఫోన్‌లో తెరిచి చూడండి

ప్రశ్న అడిగినవారు చెప్పిన సంగతి ఇది. నాలుగేళ్ళుగా నడుపుతున్న వెబ్‌సైట్‌కు, ప్రకటనలు చూపించి సంపాదించుకునే ప్రకటనల ఖాతా మూతపడింది. వచ్చిన ఉత్తరంలో ‘చెల్లని ట్రాఫిక్’ (అంటే నిజమైన ఆసక్తితో రాని సందర్శనలు, క్లిక్కులు) అన్న మాట తప్ప మరో కారణం లేదు. పోటీదారు ఎవరో పనిగట్టుకుని ఆ ప్రకటనల మీద క్లిక్కులు కొట్టించి ఉంటారని అనుమానం. దాన్ని అప్పీలులో ఎలా రుజువు చేయాలని అడుగుతున్నారు. మధ్యలో ఎక్కడో ఒక వాక్యంలో, మూడు నెలల క్రితం చవకగా సందర్శకులను పంపే సేవ ఒకటి కొన్నాళ్ళు వాడి మానేశానని కూడా రాశారు. నా జవాబు అసలు ఆ ఒక్క వాక్యం గురించే ఉండాలి గాని, నా కథ చెప్పకుండా అక్కడికి రాలేను.

నేను పోటీ పరీక్షలకు చదివేవారి కోసం అభ్యాస ప్రశ్నల వెబ్‌సైట్ నడుపుతున్నాను. పుటకు ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు, వాటి కింద ఒక ప్రకటన, ఆ ప్రకటన కింద ‘తరువాతి ప్రశ్న’ అనే బొత్తాం. ఈ అమరిక నేను స్వయంగా ఎంచుకున్నదే, ఎందుకంటే ప్రకటనను అక్కడ పెట్టిన వారంలోనే సంపాదన పెరిగింది, పెరిగిన సంపాదనను చూసి ఎందుకు పెరిగిందని అడిగేంత తెలివి అప్పట్లో నాకు లేదు. కొన్ని నెలలకు ఒక ఉదయం, నా ఖాతాను 30 రోజుల పాటు నిలిపివేశామని, కారణం చెల్లని కార్యకలాపమని నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది.

ఆ 30 రోజులూ నేను చేసిన పని శత్రువును వెతకడం. రాత్రి భోజనం కాగానే సర్వర్ లాగ్‌లు, అంటే ఏ పుటను ఎవరు ఎప్పుడు తెరిచారో రాసి ఉండే చిట్టాలు, ముందు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఈ పనికి పూనుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది, అది నాకు పదో రాత్రికి గాని తెలియలేదు. ప్రకటన మన పుటలో కనిపించినా అది ప్రకటనల సంస్థ సర్వర్ నుంచి, దాని సొంత చట్రంలో వస్తుంది కాబట్టి, దాన్ని ఎవరు ఎప్పుడు నొక్కారన్నది మన లాగ్‌లో నమోదు కాదు. మనకు దొరికేది పుటను ఎవరు తెరిచారన్న వివరం మాత్రమే. అయినా నేను వదల్లేదు. ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌లో ఒక పరికరాన్ని గుర్తించే సంఖ్య) నుంచి రోజూ వందల కొద్దీ పుటలు తెరుచుకోవడం చూసి, ఇదిగో దొంగ దొరికాడని నిర్ణయించుకుని, నాలాంటి వెబ్‌సైట్‌నే నడుపుతున్న ఒకాయనకు చాలా ఘాటుగా ఒక లేఖ రాశాను. తీరా చూస్తే ఆ అడ్రస్ ఒక మొబైల్ నెట్‌వర్క్‌ది; అడ్రస్‌లు చాలక ఆ కంపెనీలు ఎంతోమంది ఫోన్లను ఒకే అడ్రస్ వెనుక ఉంచుతాయని నా వెబ్‌సైట్‌ను తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీ కుర్రవాడు విడమరచి చెప్పాడు. అంటే నేను దొంగ అనుకున్నది నా పాఠకుల గుంపునే. ఆయనకు క్షమాపణ లేఖ కూడా రాశాను. మొదటి లేఖకు రెండు గంటల్లో జవాబిచ్చిన ఆ మనిషి రెండో లేఖకు ఈనాటికీ జవాబివ్వలేదు.

30 రోజులు గడిచాక ప్రకటనలు వాటంతట అవే తిరిగి వచ్చాయి. నేను ఏమీ మార్చలేదు, కాబట్టి తప్పు నాది కాదని నిశ్చయించుకున్నాను. రెండు నెలలు తిరగకముందే ఖాతాను పూర్తిగా మూసివేశారు.

అసలు సంగతి బయటపడింది మా మేనల్లుడి వల్ల. వాడు పరీక్షకు చదువుతూ, ముందు తరం ఫోన్ ఒకటి పట్టుకుని మా ఇంట్లో సోఫాలో పడుకుని, నా వెబ్‌సైట్‌లోనే ప్రశ్నలు చకచకా చేసుకుపోతున్నాడు. ఉన్నట్టుండి తల ఎత్తి, ‘‘ఇప్పుడు బాగుంది మామయ్యా, ఇదివరకైతే తరువాతి ప్రశ్న నొక్కితే చెప్పులమ్మే పుట తెరుచుకునేది’’ అన్నాడు. నేను ఖాతా పోయిన దుఃఖంలో ఉన్నాను, వాడు ప్రకటనలు పోయిన సంతోషంలో ఉన్నాడు. ఎన్నిసార్లు అలా జరిగేదని అడిగితే, లెక్కపెట్టలేదు, అలవాటైపోయింది, వెంటనే వెనక్కి వచ్చేసేవాణ్ణి అన్నాడు. తెరిచిన మరుక్షణం వెనక్కి వచ్చేసే క్లిక్కులు, అవీ ఒకే పుటల నుంచి, రోజంతా, నెలల తరబడి: దీన్ని ప్రకటనల సంస్థ లెక్కల యంత్రం మోసమనే అర్థం చేసుకుంటుందని చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రమే వెబ్‌సైట్ నకలు ఒకటి తయారు చేసి, ప్రకటన స్థానంలో అంతే పరిమాణం గల బూడిద రంగు పెట్టెను పెట్టి, అది పుట తెరుచుకున్న రెండు సెకన్ల తరువాత ప్రత్యక్షమయ్యేలా అమర్చాను, ఎందుకంటే నెమ్మదైన నెట్ మీద నిజమైన ప్రకటన వచ్చే తీరు అదే. వాడికి ఫోన్ ఇచ్చి 50 ప్రశ్నలు చేయమన్నాను. ఏడుసార్లు వాడి బొటనవేలు బొత్తాం మీద పడబోయి పెట్టె మీద పడింది. వేలు బయలుదేరేటప్పటికి అక్కడ ఉన్నది బొత్తామే. వేలు చేరేలోపల పెట్టె ఊడిపడి బొత్తాన్ని కిందికి నెట్టేసి, దాని చోటును తాను ఆక్రమించింది. ఇందులో శత్రువు లేడు, కుట్ర లేదు. నేను అమర్చిన పుట ఉంది, చదువుకునే పిల్లవాడి తొందర ఉంది.

అందుకే, పోటీదారు క్లిక్కుల కథలు దాదాపుగా అన్నీ కల్పనలేనని ఇప్పుడు నా గట్టి నమ్మకం. ఒక్క మనిషి కసి కొద్దీ పదేపదే నొక్కే క్లిక్కులు ప్రకటనల సంస్థల వడపోతకు అన్నింటికంటే తేలికగా దొరికేవి. అలాంటివి చాలావరకు లెక్కలోకి రాకముందే కొట్టివేతకు గురవుతాయి. వడపోతకు కష్టమైనవి మనం చేతులారా తెచ్చుకునేవి: వేలు జారే అమరికలు, మనల్ని ప్రోత్సహిద్దామని రోజూ నొక్కి వెళ్ళే బంధుమిత్రులు, ఇక మీరు వాడిన చవక సందర్శకుల సేవ.

ఆ సేవ దగ్గరికే వస్తున్నాను. ఈ సంస్థలు ఇంత కఠినంగా ఎందుకుంటాయో తెలిస్తే ఆ వాక్యం ఎంత బరువైనదో మీకే అర్థమవుతుంది. 2016 డిసెంబరులో ‘మెథ్‌బాట్’ అనే మోసాన్ని ఒక భద్రతా సంస్థ బయటపెట్టింది. అమెరికా న్యాయశాఖ 2018 నవంబరులో వెల్లడించిన అభియోగాల ప్రకారం ఆ మోసగాళ్ళు 1,900కు పైగా సర్వర్లను అద్దెకు తీసుకుని, 5,000కు పైగా వెబ్‌సైట్ల పేర్లను నకలు చేసి, మనుషులెవరూ చూడని ప్రకటనలకు 70 లక్షల డాలర్లకు పైగా రాబట్టారు. అదే కేసులో రెండో మోసం ‘ఈవ్’ (3ve అని రాస్తారు). దాని కోసం 17 లక్షల కంప్యూటర్లు, యజమానులకు తెలియకుండానే, సందర్శకుల వేషం వేశాయి, నష్టం 2.9 కోట్ల డాలర్లకు పైగా. ఇతరుల వెబ్‌సైట్ల పేరుతో ప్రకటన స్థలం అమ్మే ఈ దగాను అడ్డుకోవడానికే 2017లో ‘యాడ్స్.టీఎక్స్‌టీ’ అనే చిన్న ఫైలు పద్ధతి వచ్చింది. మా స్థలాన్ని అమ్మే హక్కు ఫలానా ఖాతాలకే ఉందని మనం అందులో రాసి పెడతాం. ఇక ఆలోచించండి: వెయ్యి మంది సందర్శకులను కారుచవకగా పంపుతామనేవారు ఆ వెయ్యి మందిని ఎక్కడి నుంచి తెస్తారు? మీ విషయం మీద ఆసక్తి గల మనుషులు ఆ ధరకు దొరకరు. ప్రకటనల సంస్థ దృష్టిలో మీరు ఆ వేషగాళ్ళకు డబ్బిచ్చి పిలుచుకున్నవారు.

ఇలా అంటున్నానని సంస్థలను సమర్థిస్తున్నాననుకోకండి. కారణం చెబితే మోసగాళ్ళు నేర్చుకుంటారన్న వాదన సగం వరకే నాకు అర్థమవుతుంది. ఏ పుటలో, ఏ వారంలో, ఫోన్లలోనా కంప్యూటర్లలోనా అన్న మూడు ముక్కలు చెబితే ఏ మోసగాడూ పండితుడైపోడు, నాలాంటివాడు మాత్రం ఒక పెద్దమనిషిని దొంగ అని తిట్టకుండా ఉంటాడు. ఆన్‌లైన్ వేదికలు వ్యాపారులకు కారణాలు చెప్పి తీరాలని ఐరోపా సమాఖ్య 2019లో ఒక నిబంధన తెచ్చింది, అది 2020 జూలై నుంచి అమలులో ఉంది. అందులోనూ ప్రకటనల సాధనాలకు, ప్రకటనల క్రయవిక్రయ వేదికలకు మినహాయింపు ఇచ్చారు. ఆ వాక్యం చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నిలిపివేసిన నా సొమ్ము ప్రకటనదారులకు తిరిగి వెళుతుందని ఉత్తరంలో ఉంది. అది న్యాయమే, మా మేనల్లుడి వేలు జారినందుకు చెప్పుల వ్యాపారి ఎందుకు చెల్లించాలి? కానీ ఎంత వెళ్ళిందో చూపే కాగితం ముక్క నాకెవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు మీ అప్పీలు. ముందుగా ఉత్తరాన్ని మళ్ళీ చదివి, అది తాత్కాలిక నిలిపివేతా, ప్రకటనల సంఖ్యకు విధించిన పరిమితా, శాశ్వత మూసివేతా అన్నది తేల్చుకోండి. తాత్కాలికమైతే చాలా చోట్ల అప్పీలుకు చోటే ఉండదు, గడువు అయ్యేదాకా ఆగి, ఆ లోపల తప్పును సరిదిద్దుకోవడమే పని. మీరు ఖాతా మూతపడిందంటున్నారు కాబట్టి అప్పీలు రాయవలసిందే. నా మొదటి చిత్తుప్రతి మూడు పుటలు. నా నిజాయితీ, నా కష్టం, పోటీదారు దుర్మార్గం అన్నీ అందులో ఉన్నాయి, వెబ్‌సైట్ గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. అదృష్టవశాత్తు దాన్ని పంపకముందే మేనల్లుడు ఆ మాట అన్నాడు. పంపిన లేఖ పదిహేను వాక్యాలు దాటలేదు: పాఠకులు ఎక్కడి నుంచి వస్తారు, ఏ పుటల్లో ప్రకటన బొత్తానికి ఆనుకుని ఉండేది, అది ఆలస్యంగా వచ్చి బొత్తాన్ని ఎలా కదిలించేది, మొదటి నిలిపివేతప్పుడు దాన్ని గమనించకపోవడం నా తప్పు, ఏ తేదీన ఏమి మార్చాను. మార్పులు కూడా పెద్దవేమీ కాదు. ప్రకటన రాకముందే దాని ఎత్తుకు సరిపడా ఖాళీని పుటలో కేటాయించి ఉంచాను, బొత్తాన్ని ప్రకటనకు పైకి తెచ్చాను, రెంటికీ మధ్య ఒక పేరా అంత వివరణ పెట్టాను, పైన ‘ప్రకటన’ అని రాశాను. కొన్నాళ్ళకు ఖాతాను పునరుద్ధరించామని రెండు వాక్యాల జవాబు వచ్చింది, కారణం అందులోనూ లేదు. నా లేఖ వల్లనే పునరుద్ధరించారని ఎలా చెప్పగలవని మా ఆవిడ అడుగుతుంది. నేను చెప్పగలను.

ఈ మధ్యలో ఖాతా తిరిగి ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు మీకూ తగులుతారు. వారి దగ్గర మీకు లేని దారి ఏదీ ఉండదు, నింపేది అదే అప్పీలు ఫారమే. ఇంట్లో వేరొకరి పేరుతో ఇంకో ఖాతా తెరవమని ఉచిత సలహా ఇచ్చేవారు వీరికంటే ప్రమాదం. అదే వెబ్‌సైట్, అదే చిరునామా, అదే బ్యాంకు ఖాతా కనిపించగానే రెండోదీ మూతపడుతుంది, మొదటిదాని అప్పీలుకు ఉన్న కాస్త విలువ కూడా పోతుంది.

మీ విషయంలో నేనైతే పోటీదారు ఊసే ఎత్తను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు డబ్బిచ్చి సందర్శకులను తెప్పించాను, అది నిబంధనలకు విరుద్ధమని తెలిసి మానేశాను, మళ్ళీ చేయను అని మొదటి పేరాలోనే రాస్తాను. వారి లెక్కల్లో ఆ తేదీలు ఎటూ ఉంటాయి, మీ లేఖలో లేకపోతే దాచారనుకుంటారు. ఆ తరువాత మీ వెబ్‌సైట్‌ను నెమ్మదైన ఫోన్‌లో వేరెవరి చేతనైనా తెరిపించి, వెనుక నిలబడి వారి వేలును చూడండి, ఏమైనా కనిపిస్తే అదీ రాయండి. తేదీలు గుర్తులేకపోతే ఆ సేవకు చెల్లించిన రసీదు మీ మెయిల్‌లో వెతకండి, అక్కడ లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది.