అమ్మ చేతికి సెన్సర్ పెట్టే ముందు

చి. కిరణ్‌కు పెద్దనాన్న ఆశీస్సులు.

రాత్రిళ్ళు మీ అమ్మ షుగర్ ఎటు పోతోందో తేలడం లేదని డాక్టరుగారు చేతికి అంటించి షుగర్ చూసే సెన్సర్ రాశారన్నావు. ఫోనుతో స్కాన్ చేసే 14 రోజుల ఫ్రీస్టైల్ లిబ్రే కొన్నావు కాబట్టి దాని సంగతే రాస్తున్నాను. ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఈ రకం దానంతటది మోగదు. అర్ధరాత్రి షుగర్ పడిపోయినా నిన్ను లేపదు. అలారం కావాలంటే బ్లూటూత్ మోడల్ వేరే ఉంటుంది.

ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరికి ఆనిస్తే సెన్సర్‌ను చదివే సదుపాయం) ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడు. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఉండదు. ఏ ఫోనుతో మొదలుపెడితే చివరిదాకా అదే ఫోను, మధ్యలో మార్చడం కుదరదు. నువ్వు ఆఫీసుకు పట్టుకుపోయే ఫోనుతో మొదలుపెడితే పగలంతా అమ్మకు ఆసరా ఉండదు. ఇంట్లో ఉండే ఫోనుతోనే పెట్టు. ఎమ్మారై, సీటీ స్కాన్ లాంటివి చేయించాల్సి ఉంటే అవి ముందే కానివ్వు, లేకపోతే మధ్యలో పీకేయాల్సి వస్తుంది.

సెన్సర్ పెట్టేది దండచేయి వెనక వైపు, మెత్తగా కండ ఉన్నచోట. మచ్చ, పుట్టుమచ్చ, గడ్డ ఉన్నచోట వద్దు. చేతికే ఇన్సులిన్ చేసుకుంటుంటే ఆ చోటికి కనీసం అంగుళం దూరం ఉండాలి. ఆడవాళ్ళకు అసలు చిక్కు జాకెట్టుతో. చేతి అంచు సరిగ్గా అక్కడే పడుతుంది. రోజూ వేసుకునే జాకెట్టు ఒకసారి వేయించి, అంచు ఎక్కడికి వస్తుందో పెన్నుతో గీత పెట్టు. సెన్సర్ ఆ గీత మీదికి రాకూడదు. ఈ రెండు వారాలూ వదులు జాకెట్లే వేసుకోమను. వేసుకునేటప్పుడు సెన్సర్ ఉన్న చేయి ముందు, విప్పేటప్పుడు ఆ చేయి ఆఖరున. జాకెట్టు విప్పేటప్పుడు తగులుకుని సెన్సర్ ఊడిపోవచ్చు.

పెట్టే రోజు చేతికి కొబ్బరినూనె గానీ, క్రీము గానీ రాయొద్దు. సబ్బుతో కడిగి, తుడిచి, స్పిరిట్ దూదితో మళ్ళీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. తడి మీద అంటిస్తే జిగురు పట్టదు. పెట్టెలోని రెండు భాగాల మీదా కోడ్ ఒకటేనా అని చూసి, సెన్సర్ ప్యాక్ మూత తీసి, అప్లికేటర్ (సెన్సర్‌ను చేతికి గుచ్చే పరికరం) టోపీ తిప్పి తీయి. రెండింటి మీదున్న నల్ల గుర్తులు కలిపి, గట్టి బల్ల మీద ఆనేదాకా నొక్కి పైకెత్తు. ఇక దాని లోపల సూది సిద్ధంగా ఉన్నట్టే, టోపీ మళ్ళీ పెట్టకు. చేతికి ఆనించి టక్కుమనేలా నొక్కి, రెండు మూడు సెకన్లు ఆగి నిటారుగా లాగు. సూది వెనక్కి వచ్చేస్తుంది, లోపల మిగిలేది అయిదు మిల్లీమీటర్ల సన్నటి పోగు. రక్తం చుక్క కనిపిస్తే కంగారు లేదు. కారుతూనే ఉంటే మాత్రం తీసేయాలి.

స్కాన్ చేసి మొదలుపెట్టాక 60 నిమిషాలకు గానీ అంకె రాదు. మొదటి రోజు అంకెలు కాస్త అటూఇటూగా ఉంటాయి, గ్లూకోమీటరు పక్కన పడేయకు. ఇది కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అందుకే 5 నుంచి 10 నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఇడ్లీ తిన్న అరగంటకు రెండూ పోల్చి సెన్సర్ తప్పు అనేస్తారు చాలామంది. పోల్చాలంటే తినకముందు, అంకె పక్కన షుగర్ ఎటు పోతోందో చూపే బాణం అడ్డంగా, అంటే నిలకడగా ఉన్నప్పుడు పోల్చు.

ఆ బాణం మీదే కన్నుండాలి. నిలువుగా కిందికి ఉంటే నిమిషానికి 2 పాయింట్లకు పైగా దిగుతున్నట్టు. 110 అని చూసి హమ్మయ్య అనుకుంటారు, కింది బాణం ఉంటే ఆ 110 ఇరవై నిమిషాల్లో 70 కావచ్చు. స్కాన్ చేయకపోతే సెన్సర్‌లో చివరి 8 గంటల లెక్కే నిలుస్తుంది. అమ్మ తొమ్మిదిన్నరకు పడుకుని ఆరింటికి లేస్తే అరగంట గల్లంతే. పడుకునేముందు ఒకసారి, లేవగానే ఒకసారి తప్పనిసరి.

రాత్రి రెండింటికి యాప్‌లోని షుగర్ గీత గోడ దిగినట్టు 55కి పడి, కాసేపటికి మళ్ళీ మామూలైతే, సెన్సర్ ఉన్న పక్కకే తిరిగి పడుకుందేమో అడుగు. సెన్సర్ నొక్కుకుపోతే అంకె అబద్ధంగా పడుతుంది. అయినా చెమట, వణుకు, తికమక ఉంటే వాదన వద్దు, వెంటనే తీపి ఇవ్వు. 15 గ్రాములు, అంటే మూడు నిండు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి, అర గ్లాసు నీళ్ళలో. మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకు, ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఆమె షుగర్ మందుల్లో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే పంచదార చప్పున పనిచేయదు, గ్లూకోజే కావాలి. పావుగంటకు వేలికి పొడిచి చూడు, సెన్సర్ అప్పటికి ఇంకా పాత అంకె దగ్గరే ఉంటుంది.

విటమిన్ సి బిళ్ళలు చప్పరించే అలవాటుంటే ఈ పద్నాలుగు రోజులూ ఆపమను. రోజుకు 500 మిల్లీగ్రాములు దాటితే లేని షుగర్ ఉన్నట్టు చూపించవచ్చు. అది నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రమాదం. అసలు తిన్నాక గీత పైకి లేచిందని మరో నాలుగు యూనిట్లు పొడిచేయడమే అన్నిటికన్నా చెడ్డ పని. భోజనం ముందు చేసిన ఇన్సులిన్ కొన్ని గంటలపాటు పనిచేస్తూనే ఉంటుంది. మోతాదు మార్చేది డాక్టరుగారే.

ఆయనకు కావలసింది 14 రోజుల రిపోర్టు, అందులో కనీసం 70 శాతం లెక్క ఉండాలి. మామూలుగా 70–180 మధ్య రోజులో 70 శాతం సమయం ఉండాలంటారు. మీ అమ్మ వయసుకు, గుండె జబ్బుకు సగం రోజు ఉన్నా చాలు, కానీ 70 కంటే కింద ఒక్క శాతం, అంటే రోజుకు పావుగంటకు మించకూడదు. ముందు ఆ అంకె చూడు, తర్వాతే మిగతావి. ఏం తిన్నదీ, ఎన్ని యూనిట్లు చేసుకున్నదీ యాప్‌లో టైముతో రాయించు. "టిఫిన్" అని రాస్తే ఉపయోగం లేదు, మూడు ఇడ్లీలా, రెండు పెసరట్లా అని ఉండాలి.

తీసేటప్పుడు అంచుకు కాస్త నూనె పట్టించి మెల్లగా ఒలువు. రెండోది పెడితే రెండో చేతికి. సూది ఉన్న అప్లికేటర్‌ను మామూలు చెత్తలో కలపకుండా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి, అమ్మను చూపించడానికి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చెయ్.

మీ పెద్దనాన్న