తెలుగు రాష్ట్రాల్లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో పరిశ్రమ ఎందుకు ప్రధానమవుతుంది?

కొన్నిచోట్ల నేలే నిర్ణయిస్తుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో నల్లరాతిపై బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ దొరుకుతుంది కనుక క్వారీలూ, పాలిషింగ్ యూనిట్లూ అక్కడే వెలిశాయి. భీమవరం పరిసరాల్లో వరిచేలు రొయ్యల చెరువులు కాగా, వాటి వెంటే ఐసు ఫ్యాక్టరీలు, మేత దుకాణాలు వచ్చాయి.

హైదరాబాదు మందుల పరిశ్రమకు మాత్రం ఏ గనీ, ఏ కాలువా ఆధారం కాదు. నా దృష్టిలో ఇదే ఎక్కువ ఆసక్తికరం. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్) ఇక్కడి బాలానగర్‌లో కర్మాగారం పెట్టగా, అందులో పని నేర్చినవారు కొందరు బయటికి వచ్చి సొంత కంపెనీలు ప్రారంభించారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి వారిలో ఒకరు. ఔషధాల తయారీ పద్ధతికే తప్ప ఔషధానికి పేటెంటు ఇవ్వని 1970 నాటి చట్టం, అదే మందును వేరే పద్ధతిలో చేయగల ఆ నైపుణ్యానికి మార్కెట్టును తెరిచింది.