డిఫెన్స్ ప్రాజెక్టులో డెవలపర్ ఉద్యోగం: నెట్ లేకుండా పని చేయగలమా?

"డిఫెన్స్ ప్రాజెక్టులో ఆఫర్ వచ్చింది, లోపల నెట్ ఉండదట, ఫోన్ రానివ్వరట, చేరమంటారా?" అని అడిగారు. చేరండి. హైదరాబాద్‌లో ఒక కంపెనీ తరఫున కాంట్రాక్టు మీద నేను అలాంటి చోటే పనిచేశాను. ఏ ల్యాబ్, ఏం పని అని మాత్రం అడక్కండి. పోలీస్ వెరిఫికేషన్ అయ్యాక పెట్టించుకున్న సంతకాల్లో 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రస్తావన కూడా ఉంది.

ఫోన్ లేకపోవడం పెద్ద కష్టమేమీ కాదు. గేటు దగ్గర ఇచ్చేసి టోకెన్ తీసుకుంటారు, అంతే. కానీ సాయంత్రం ఆ కౌంటర్ దగ్గర క్యూ చూడాలి! అంతమందికీ ఒక్కడే మనిషి. భద్రత మీద అంత ఖర్చు పెట్టేవాళ్లకి రెండో మనిషిని పెట్టడానికి చేతులు రావు.

అసలు కష్టం ఎర్రర్ వచ్చినప్పుడు తెలుస్తుంది. ఒకరోజు మా కోడ్ కంపైల్ అవుతోంది కానీ లింక్ కావట్లేదు, అంటే ముక్కలన్నీ కలిసి ఒక ప్రోగ్రామ్‌గా తయారవట్లేదు. 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' (వాడిన ఫంక్షన్ ఎక్కడా దొరకలేదని) అంటూ స్క్రీన్ నిండా వరసలు. ఆ ఫంక్షన్లున్న రెడీమేడ్ కోడ్ లైబ్రరీ ఎదురుగానే ఉంది, దాని పాత్ సరిగ్గానే ఉంది. కాగితం మీద రాసుకుని బయటికి తెద్దామంటే కుదరదు, నోట్‌బుక్‌లో ప్రతి పేజీకీ నంబరు, ముద్ర. అందులో ప్రాజెక్టు సంగతులేమీ లేవు, సీ భాష కంపైలర్ జీసీసీ అందరినీ తిట్టే మామూలు తిట్టే. దాన్నే నేనూ మా టీమ్ లీడూ ఎక్కాల్లా వల్లె వేసుకుంటూ గేటు దాటి, ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర ఫోన్ తీసి వెతికాం. స్టాటిక్ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లోకే కలిసిపోయే రకం) పేరు కమాండ్‌లో దాన్ని వాడుకునే ఆబ్జెక్ట్ ఫైళ్ల (కంపైల్ అయిన ముక్కల) తర్వాత రావాలట! ముక్కల్ని కలిపే లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూసుకుంటూ పోతుంది. ఈ కమాండ్లన్నీ రాసిపెట్టుకునే మా మేక్‌ఫైల్లో అది ముందుంది. ఒక్క పదం జరిపితే పోయేదానికి రోజంతా పోయింది.

మర్నాడు లింకర్ మాన్యువల్ సీడీలో తెప్పించడానికి ఫారం పెట్టాం. "ఇందులో ఏముందండీ?" అని అడిగారు సెక్యూరిటీ ఆఫీసర్. "పుస్తకం సార్" అన్నాను. "పుస్తకానికి ఇన్ని ఫైళ్లా?" విడిగా ఉన్న మెషీన్‌లో స్కాన్ చేసి పంపించారు. లోపలికి వెళ్లిన సీడీ మళ్లీ బయటికి రాదు. ఆ మాన్యువల్ మొత్తం చదివాను. ఇవాళ నాకు తెలిసిన సీ అంతా అక్కడిదే. ప్రోగ్రామర్ల ప్రశ్నలకి జవాబులు దొరికే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ తెరిచి పెట్టుకుని పెరిగిన కుర్రాళ్లలో మేక్‌ఫైల్ సొంతంగా రాయగలవాణ్ని నేనింకా చూడలేదు.

ఇదంతా చాదస్తం అనేవాళ్లకి స్టక్స్‌నెట్ చాలు. 2010లో బయటపడిన ఆ వైరస్ నెట్‌కి అందని, ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రం యంత్రాల కోసమే తయారైంది, యూఎస్‌బీ డ్రైవుల మీద కూడా పాకేది. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) దొరికింది కూడా ఆఫీసు పనులకు వాడే, నెట్ ఉన్న కంప్యూటర్‌లోనే. రియాక్టర్ కంట్రోల్ వ్యవస్థ విడిగా ఉంది.

బయటికొచ్చాక ఇంకో తలనొప్పి. ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ అమ్మాయి "గిట్‌హబ్ లింక్ పంపండి" అంటుంది, అంటే మనం రాసిన కోడ్ నెట్‌లో పెట్టుకునే చోటు. ఏం పంపాలి? ప్రాజెక్టు పేరు చెప్పకూడదు, కోడ్ చూపించకూడదు. మేం ఖాళీగా కూర్చున్నామనుకుంటారు.

చేరేముందు ఒక్కటి కనుక్కోండి: సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకీ మాన్యువల్స్‌కీ లోపల సొంత సర్వర్ ఉందా? ఉందంటే కళ్లు మూసుకుని చేరండి. "అవసరమైతే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుందాంలే" అన్నారంటే మాత్రం వద్దు.