టీకా వచ్చేదాకా గార తీయించుకోరట!

ప్రశ్న: డాక్టర్ గారూ, మా మామగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ గుడాఖు అనే పొగాకు ముద్దతోనే పళ్లు తోముకుంటారు. ఇప్పుడు కింది ముందు పళ్లు కదులుతున్నాయి. గార తీయించుకోమంటే, "రక్తమే రావడం లేదు, జబ్బెక్కడిది? గార తీస్తే ఉన్న పళ్లూ ఊడతాయి. ఆస్ట్రేలియా వాళ్లు చిగుళ్లకు టీకా కనిపెట్టారట, అది వేయించుకుంటాను" అంటున్నారు. ఆ టీకా బరంపురంలో దొరుకుతుందా?
– ఒక కోడలు, గుణుపురం

జవాబు: బరంపురంలోనే కాదమ్మా, మెల్‌బోర్న్‌లోనూ దొరకదు. అయితే మీ మామగారు విన్నది గాలికబురేమీ కాదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం అలాంటి టీకాను ఎలుకల మీద పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా జింజిపైన్లనే ఎంజైములతో చిగుళ్లను గుల్ల చేస్తుంది. టీకా వల్ల పుట్టిన ప్రతిరక్షకాలు ఆ ఎంజైములను కట్టడి చేశాయి, ఎలుకల దవడ ఎముక అరగడం తగ్గింది. మనుషులకు వేసేందుకు అనుమతి పొందిన టీకా మాత్రం ఇంతవరకూ లేదు.

ధనుర్వాతం టీకా ఒక్క విషాన్ని అడ్డుకుంటే చాలు. చిగుళ్ల జబ్బు అలా కాదు, ఇది గుంపు పని. జింజివాలిస్‌కు ట్రెపొనీమా డెంటికోలా, టానరెల్లా ఫోర్సిథియా అనే బ్యాక్టీరియాలు తోడుంటాయి. అన్నీ కలిసి పంటికీ చిగురుకీ మధ్య సందులో, జిగట పొర కింద కాపురం పెడతాయి. ఎముకను తినేది కూడా చాలావరకు వాటితో మన ఒళ్లు చేసే పోరులో రేగే వాపే. రేపు టీకా వచ్చినా గారను కరిగించదు, పోయిన ఎముకను తెచ్చిపెట్టదు.

ఇక రక్తం సంగతి. పర్లాకిమిడిలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో గుడాఖు వాడేవారిని చూపుడువేలి కొస చూసే పోల్చుకుంటాను. గోధుమరంగు మరక సబ్బుకు వదలదు. గుడాఖు అంటే పొగాకు, బెల్లం మడ్డి. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి రక్తం అంతగా రాదు, చిగురు పైకి గట్టిగా, లేతరంగులో బాగున్నట్టే కనిపిస్తుంది. గీతలున్న సన్నని కొలపుల్ల దింపితే అసలు సంగతి బయటపడుతుంది. మూడు మిల్లీమీటర్లలోపు ఆగాల్సింది ఆరుదాకా జారిపోతుంది. రక్తం రాలేదని మురిసిపోవడానికేమీ లేదు.

గార తీస్తే పళ్లు ఊడవు. ఎముక అప్పటికే కరిగిపోయిన పంటిని ఆ గారే పట్టి ఉంచుతుంది కనుక, తీశాక కదలిక బయటపడుతుంది. నింద మాత్రం మామీద! కొన్నాళ్లు చల్లనీళ్లు జివ్వుమంటాయి, అంతే. షుగర్ అదుపు తప్పితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులోకి రావడం కష్టం. అందుకే షుగర్ చూసే డాక్టరుకూ ఈ సంగతి చెప్పండి.

గుడాఖు మానడం ఆయనకు కష్టమే. ఉదయం అది పడనిదే దొడ్డికి కూడా వెళ్లలేమనేవాళ్లు నాకు బాగా తెలుసు. పొగాకు మానాలనుకునేవారికి 1800-112-356 అనే ఉచిత ప్రభుత్వ సహాయ నంబరు ఉంది, ఆయన చేతనే ఫోన్ చేయించండి. గార తీయించే రోజు భోజనం, షుగర్ మాత్ర మానకూడదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, కుర్చీలో కూర్చోకముందే చెప్పండి.