తమ్ముడికి సీజీడీ, అక్కకి జెనెటిక్స్ చదవాలని ఉంది

ప్రశ్న: మా బాబుకి సీజీడీ (తెల్లకణాలు క్రిముల్ని చంపలేని పుట్టు జబ్బు), సీవైబీబీ అనే జీన్‌లో మ్యుటేషన్ అన్నారు. మాది మేనరికం. పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. ఇన్ఫెక్షన్లు రాకుండా తమ్ముడికి సెప్ట్రాన్, ఇట్రాకొనజోల్ మందులు టైముకి వేసేది తనే. ఇప్పుడు జెనెటిక్సే చదువుతానంటోంది. బీటెక్ బయోటెక్ మంచిదా, బీఎస్సీ జెనెటిక్సా? ఆ చదువు చదివితే రేపు సంబంధాలప్పుడు ఇంట్లో జబ్బు సంగతి బయటపడదా?

జవాబు: అమ్మా, అడిగింది కోర్సు గురించే అయినా అసలు భయం చివరి లైన్లో ఉంది, నాకొచ్చే ఇలాంటి ప్రశ్నలన్నిట్లోనూ అక్కడే ఉంటుంది.

ముందు మేనరికం సంగతి. ఈ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే, అదీ అమ్మ నుంచే వస్తుంది, కాబట్టి మీరు బావని కాక బయటివాళ్ళని చేసుకున్నా ఇందులో తేడా ఉండేది కాదు. (సీజీడీలో మేనరికాల్లో ఎక్కువ కనపడే రకాలూ ఉన్నాయి, మీవాడిది అది కాదు.) అలాగని మీ తప్పూ కాదు, పిల్లలకి ఏ జీన్ ఇవ్వాలో ఎవరూ ఏరి ఇవ్వరు కదా.

మీరు క్యారియర్ అయితే, అంటే ఆ జీన్‌ని మోస్తున్నవాళ్ళయితే, పాప కూడా క్యారియర్ అయ్యే ఛాన్స్ సగం ఉంది. క్యారియర్లలో చాలామందికి తమ్ముడికి వచ్చేలాంటి పెద్ద ఇన్ఫెక్షన్లు రావు, కానీ చర్మం ఇబ్బందులు, నోటిపూత లాంటివి ఉండొచ్చు. తెల్లకణాల పనితీరు చూసే డీహెచ్ఆర్ అనే రక్తపరీక్ష ఉంది, కానీ చేయించుకోవాలా వద్దా అన్నది 18 నిండాక తనే తేల్చుకోవాలి. దాచి పెళ్ళి చేద్దామన్న ఆలోచన మాత్రం నాకు అస్సలు నచ్చలేదు, మొహం మీదే చెప్తున్నా. తమ్ముడి తెల్లకణాలు బ్యాక్టీరియాని మింగుతాయి గానీ చంపలేవని తెలిసిన పిల్ల దగ్గర ఇంకేం దాస్తారు?

ఇక బయోటెక్. నాకు డౌటే. లక్షలు కట్టి, బైపీసీ వల్ల మ్యాథ్స్‌తో కుస్తీ పట్టి, చివరికి కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లో తేలినవాళ్ళని చాలామందిని చూశా. ఇప్పుడు కొత్తగా జీనోమ్ డేటా, ఏఐ అని ఆర్నెల్ల సర్టిఫికెట్లు కూడా అంటగడుతున్నారు. జీన్‌లో తేడా కనపడగానే జబ్బుకి అదే కారణం అనలేం, అది తేల్చడం నేర్చుకోడానికే ఏళ్ళు పడుతుంది.

బీఎస్సీ, ఆ తర్వాత ఉస్మానియా లాంటి చోట ఎమ్మెస్సీ జెనెటిక్స్ చేస్తే ల్యాబ్ లేదా పీహెచ్‌డీ, మొదట్లో జీతం తక్కువే. రోగుల్ని చూడాలని ఉంటే ఎంబీబీఎస్, ఎండీ, డీఎం మెడికల్ జెనెటిక్స్, అదంతా 11 ఏళ్ళ పైమాటే. ఏది కావాలో తననే అడగండి, నన్ను కాదు.

అన్నట్టు, కేంద్ర ప్రభుత్వం 2021 రేర్ డిసీజెస్ (అరుదైన జబ్బుల) పాలసీలో సీజీడీకి బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ ఉంది, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆస్పత్రి కలిపి ఆ పాలసీకి సెంటర్. వెళ్ళిన రోజు పాపని కూడా లోపలికి తీసుకెళ్ళండి, బయట కుర్చీలో కూర్చోబెట్టకండి.